అక్క వేసి వచ్చిన ఓటు

మా ఇంట్లో పార్టీలు మార్చేవాడంటే మా ఆయనే. ఆళ్లగడ్డలో ఆయన నమ్ముకున్న నాయకుడు ఏ పార్టీలోకి దూకితే ఈయనా అందులోకే దూకాడు. ఒక కండువా ఉతికి ఆరేసేలోపు ఇంకో రంగు కండువా మెడలో పడేది. పొద్దంతా విత్తనాల అంగట్లో గుమాస్తా పని, సాయంత్రమైతే బస్టాండు దగ్గర టీ తాగుతూ రాజకీయం. దానికి ఆయన్ను అందరికన్నా ఎక్కువగా తిట్టింది మా అక్క.

అక్క మిషను ఆసుపత్రిలో నర్సు చదువు చదివి, నంద్యాలలో కొన్నాళ్లు పనిచేసి, బ్రిటన్ పోయింది. పోయి ఇరవై ఏళ్లు దాటింది. నేను ఆళ్లగడ్డలోనే చర్చి బడిలో టీచరుగా ఉండిపోయాను. ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చేసరికి అక్క ఫోను వచ్చేది. ఆ దేశంలో ఎన్నికలొచ్చాయంటే ఇక ఆ ముచ్చట్లే. "మన పాస్‌పోర్టు మీదుండేటోళ్లకు కూడా ఈడ ఓటుంది పాపా" అని మొదటిసారి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. అక్కడ పోటీలో ఉన్న మనిషి ఒక్కడే వచ్చి తలుపు తడతాడట. వాన పడుతున్నా గడప బయటే నిలబడి, అడిగినదానికల్లా జవాబు చెప్తాడట. మా ఆయన పక్కనుంచి విని, "ఎనకాల జీపులేమీ లేకుండానా?" అని నవ్వేవాడు.

అక్కది కార్మికుల పార్టీ. నర్సుల జీతాల కోసం నిలబడిందని, బయటినుంచి వచ్చినవాళ్లను మనుషుల్లా చూస్తుందని ఆ పార్టీ అంటే ఆమెకు ప్రాణం. డ్యూటీ లేని రోజుల్లో ఇంటింటికీ తిరిగి ఆ పార్టీ కాగితాలు పంచింది. "మేం మీ మాదిరి కాదప్పా, ఊరికూరికే రంగులు మార్చం" అని మా ఆయన్ను దెప్పేది. ఆయన తల గోక్కునేవాడు. నాకు మాత్రం లోపల గర్వంగా ఉండేది. మా ఇంట్లో ఒక్కరైనా ఓటుకు విలువిచ్చే మనిషి ఉంది కదా అనుకునేదాన్ని.

నా కూతురు నర్సు కావడానికి కూడా అక్కే కారణం. అది నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తోంది. "ముందు ముసలోళ్లను చూసుకునే పనికి రా. వచ్చినాక పరీక్షలు రాసుకొని నర్సు అవుదువు. ఈడ మా ఊళ్లో ముసలోళ్ల హోమ్ ఒకటుంది, వాళ్లతో నేను మాట్లాడతా" అని ఫోను చేసినప్పుడల్లా చెప్పేది. ఆ మాట పట్టుకొని పిల్ల డ్యూటీలు చేసుకుంటూనే చదివి ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కింది. హోమ్ వాళ్లు వీడియోలో దానితో మాట్లాడారు. త్వరలోనే పిలుస్తామన్నారు.

అప్పుడే, ఈస్టరు అయిన వారం, అక్క నంద్యాలకు వచ్చింది. అక్కడ ఆమెకో ఫ్లాటు ఉంది. నేనూ మా ఆయనా ఆళ్లగడ్డనుంచి పొద్దున్నే బస్సెక్కి పోయాం. రాత్రి డ్యూటీ దిగి పిల్ల నేరుగా అక్కడికే వచ్చింది. అక్క ఉగ్గాని చేసి, బజ్జీలు వేసి పెట్టింది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని, తను తెచ్చిన బూట్లు ఇచ్చి వేసుకొని చూడమంది. "ఆడ పొద్దుగూకులు నిలబడే పని. ఇట్లాటివే ఉండాల" అంది. పిల్ల మొహం వెలిగిపోయింది.

మా ఆయన ఊరుకోడు కదా. "మీ దేశంలో ఊరూరా కౌన్సిలు ఎలక్షన్లంట గదా వదినా. మీ కార్మికుల పార్టీ గెలుస్తాదా?" అని కదిపాడు.

అక్క ప్లేటు కింద పెట్టింది. "నేనిప్పుడు దాంట్లో లేనప్పా."

"ఏందీ?"

"ఈతూరి కొత్త పార్టీ. బయటోళ్లు రావడం ఆపాల అంటాండారే, వాళ్లు."

మా ఆయన పడీపడీ నవ్వాడు. "నన్ను ఇన్నేండ్లు తిట్టి, తుదకు నువ్వు కూడా కండువా మార్చినావా!"

నాకు నవ్వు రాలేదు. "ఎవర్ని ఆపాలక్కా?" అన్నాను.

"నీకు తెలీదు పాపా. ఆసుపత్రిలో మంచం దొరక్క ముసలోళ్లు వరండాలో పడుంటాండారు. మా కొడుక్కు పెండ్లయినా ఇల్లు దొరక్క నా దగ్గరే ఉండాడు. మేం పోయిన కాలం వేరే. ఇప్పుడొచ్చేటోళ్లకు పని రాదు, మాట రాదు. వాళ్లతో పాటు మమ్మల్నీ ఒకే గాటన కడతాండారు. మొన్న ఒక పేషెంటు నా చెయ్యి తోసేసి, మీ దేశానికి పో అన్న్యాడు. ఇన్నేండ్లు వాళ్లకు సేవ చేసినా నేను."

 నాకు జాలేసింది. అయినా అడక్కుండా ఉండలేకపోయాను. "నిన్ను పొమ్మన్నోడు ఏ పార్టీకి ఓటేస్తాడో, నువ్వూ దానికే వేస్తావా?"

"వాళ్లు ఆపేది నన్ను కాదు. కొత్తగా వచ్చేటోళ్లను."

అప్పటిదాకా వంగి బూట్ల లేసు కట్టుకుంటున్న పిల్ల తలెత్తింది. "నేను కొత్తగా వచ్చేదాన్నే గదా పెద్దమ్మా?"

"నీ సంగతి వేరే. నువ్వు నా బిడ్డవి."

"ఓటేసే కాగితం మీద అట్లా రాయనిస్తారా? మా పిల్లను తప్ప అని?"

అక్క బజ్జీల గిన్నె దాని ముందుకు జరిపింది. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. "ఇంకా రోజులుండాయి గదక్కా. ఆ పార్టీకి వెయ్యొద్దు. ఎవరికీ వెయ్యకున్నా మేలే. దీని కోసం" అన్నాను. అంతగా ఆమెను ఎప్పుడూ ఏదీ అడిగి ఉండను.

అక్క చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. "వేసే వచ్చినా పాపా. పోస్టులో వేసి వచ్చినా."

 వీధిలో కూరగాయల బండివాడి కేక వినిపిస్తోంది. పిల్లకు బూట్లు కొనడం, ఆ ఓటు వేయడం రెండూ ఆమె బయల్దేరే ముందు ఆ కొద్ది రోజుల్లోనే చేసింది. ఒకటి ఇంకోదానికి అడ్డమని ఆమెకు తోచలేదు. నన్ను కోసింది అదే. కోపంతోనో తొందరలోనో వేసి ఉంటే ఏదో ఒకటి సర్ది చెప్పుకునేదాన్ని.

మా ఆయన నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "నేను మూడు తూర్లు మారినా వదినా, కాదనను. అయితే ఇంట్లోవాళ్లకు తలుపేసేటోళ్ల తట్టు ఎప్పుడూ పోలేదు" అన్నాడు నెమ్మదిగా. ఆయన అంత మెత్తగా మాట్లాడటం నేను అరుదుగా విన్నాను. పిల్ల "నిద్రొస్తాంది" అని లోపలి గదిలోకి పోయి, బూట్లతోనే పడుకుంది.

అక్క తిరిగి వెళ్లిపోయింది. ఎన్నికలయ్యాక ఆదివారం ఫోను చేసింది. గొంతులో సంబరం. "మావాళ్లు గెలిచినారు పాపా."

"మావాళ్లంటే ఎవురక్కా?" అన్నాను.

 అక్క సిగ్నల్ సరిగా లేదంటూ పెట్టేసింది.

ఊళ్ల ఎన్నికల్లో ఆ గెలుపు చూసి, దేశంలో అధికారంలో ఉన్న కార్మికుల పార్టీకి భయం పట్టుకుంది. ముసలివాళ్లను చూసుకునే పనికి బయటి దేశాలనుంచి ఇక మనుషుల్ని తీసుకునేది లేదని ఆ ప్రభుత్వమే చెప్పేసింది. హోమ్ వాళ్లనుంచి పిల్లకు చిన్న మెయిల్ వచ్చింది. క్షమించమన్నారు, అంతే. సంగతి తెలిసి అక్క వెంటనే ఫోను చేసింది. పిల్ల ఎట్లా ఉందని అడుగుతుందనుకున్నాను.

"చూసినావా? మూసింది మావాళ్లు కాదు, ఆ పాత పార్టీవాళ్లే. నేను వాళ్లను ఇడిసిపెట్టింది ఊరికే కాదు" అంది.

నేను ఫోను పెట్టేశాను. అక్క మాట్లాడుతుండగా ఫోను పెట్టేయడం నాకు అదే మొదలు.  ఆమె ఒక్క ఓటుతో ఏదీ మారలేదని నాకు తెలుసు. వేయకపోయినా ఆ తలుపు మూసుకునేదే. అయినా అది మూయమన్నవాళ్లలో నా అక్క ఉంది.

పిల్ల ఏడవలేదు. కొన్నాళ్లు ఆళ్లగడ్డకు రావడం తగ్గించింది. ఇప్పుడు అదే ఆసుపత్రిలో డయాలసిస్ విభాగంలో చేస్తోంది. వాళ్ల పెద్దమ్మ ఫోను చేస్తే తప్పకుండా ఎత్తుతుంది. "బాగుండావా పెద్దమ్మా, తిన్న్యావా, ఆడ చలిగా ఉందా" అని అడుగుతుంది. వార్డులో పేషెంట్ల బంధువులతో అది అచ్చం ఆ మర్యాద గొంతుతోనే మాట్లాడటం నేను విన్నాను. అక్క మాత్రం సంతోషంగా, పిల్ల అంతా మరిచిపోయిందని నాతో అంటూ ఉంటుంది.