గోడవతలి ప్రింటర్

మా యారాలి ప్రింటర్ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. యారాలంటే మా మరిది భార్య. నకిరేకల్ బస్టాండు పక్కన మా మామ దుకాణాలకని రెండు మడిగెలు కట్టించి, కొడుకుకొకటి అన్నాడు. రెండింటికీ నడుమ ఒక్క ఇటుక గోడ. బస్టాండు దిక్కు ఉన్న మడిగెలో నేను ఆన్‌లైన్ సెంటర్ పెట్టుకున్నాను. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్త రోజులు అవి. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, కాలేజీ దరఖాస్తు, లగ్గం పత్రిక, ఏది కావాలన్నా జనం నా దగ్గరికే వచ్చేవాళ్లు. నన్ను ‘మేడం’ అనేవాళ్లు. ఇంటర్ తప్పినదాన్ని, ఆ ఒక్క పిలుపుతో నాకు కడుపు నిండేది.

తర్వాత మరిదికి కొత్తకోట దిక్కు పిల్లను చేశారు. డిగ్రీలో కంప్యూటర్లు చదివిన పిల్ల. కాపురానికి వచ్చి ఏడాది తిరగకుండానే రెండో మడిగెలో అదే దుకాణం తెరిచింది. ఊళ్లో ఇంకో పనే దొరకలేదా? బట్టలు కుట్టుకోవచ్చు, గాజులు అమ్ముకోవచ్చు. అదే అడిగితే, "నాకు వచ్చిన పని ఇదే గదక్కా" అంది. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమెతో నాకు మొదటి నుంచీ ఉన్న బాధ అదే. ఆమె మాటల్లో తప్పు దొరకదు.

ఆమె కంప్యూటర్‌లో లినక్స్ అనే సిస్టం ఉండేది. నాది అందరూ వాడే మామూలు సిస్టం. వచ్చినవాళ్లల్లా పెన్‌డ్రైవు పెడతారు, దాంతోపాటు వైరస్ అంటించి పోతారు. దాన్ని వదిలించడానికి నల్లగొండ నుంచి మెకానిక్ రావాలి. చిన్న కోడలికి ఆ తిప్పలే లేవని మా ఆయన ఒకరోజు అన్నం తింటూ మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటే మెచ్చుకున్నాడు, నేను వండిన పప్పు కలుపుకుంటూ మెచ్చుకోవాలా? మర్నాడే మెకానిక్‌ను పిలిపించి, నాకూ లినక్స్ వేయమన్నాను.

"ఏదేద్దాం అమ్మా, పాతదా కొత్తదా?" అని అడిగాడు.

"పక్క మడిగెల ఏదున్నది?"

"గదాన్ని స్టేబుల్ అంటరు. జర పాతదే గని, నిమ్మళంగ పని చేస్తది."

"అయితే నాకు అన్నిటికన్న కొత్తది ఎయ్యి."

వేసిపోయాడు. అది ఎప్పుడు అప్‌డేట్ అడిగితే అప్పుడు ఇచ్చేదాన్ని. ఏం మారుతోందో తెలియకపోయినా, ఆమెకు లేనిది ఏదో నా దగ్గర చేరుతోందని సంతోషంగా ఉండేది.

ప్రింటర్ విషయంలోనూ అంతే చేశాను. ఆమె తన ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని హైదరాబాద్ పోయి, షోరూంలోనే వైరు తగిలించి, కాగితం బయటికి వచ్చాకే డబ్బులు కట్టిందట. అంగట్లో ఎద్దును నడిపించి చూసి కొన్నట్టు. ఇంతా చేసి తెచ్చింది ఒక చిన్న నల్ల పెట్టె. నేను పోయి దానికి రెండింతలున్నది తెచ్చాను. రంగులు వేస్తుంది, స్కాన్ చేస్తుంది, ముందర వెలిగే తెర ఉంది. నా కంప్యూటర్‌తో కలుస్తుందా అని అడగనేలేదు. ఆమెదానికంటే పెద్దదా కాదా అని మాత్రం కళ్లతోనే కొలుచుకున్నాను.

మంచిరోజు చూసి కొబ్బరికాయ కొట్టాను. మొదటి కాగితానికి నాలుగు మూలలా పసుపు రాశాను. లగ్గం పత్రికకు రాస్తాం, కొత్త పుస్తకానికి రాస్తాం, మరి కొత్త ప్రింటర్ ఇచ్చే మొదటి కాగితానికి రాయొద్దా? తడి ఆరకముందే లోపల పెట్టి మీట నొక్కాను. సగం దాకా పోయి ఇరుక్కుంది. గుంజితే చిరిగింది. ఆ తర్వాత చాలా రోజులు ఏ కాగితం తీసినా మూలన పచ్చని మరకతోనే వచ్చేది.

"ముందుగాల ప్రింట్ తీసి, ఎన్క పసుపు రాసేదుండె అక్కా" అంది యారాలు మెల్లగా. మెల్లగానే అంది. కానీ మా అత్త, మా మామ, ప్రసాదం కోసం నిలబడ్డ నలుగురూ విన్నారు.

అక్కణ్నుంచి నా ప్రింటర్ నన్ను ఏడిపించడం మొదలుపెట్టింది. కరెంటు పోయి వస్తే వెలిగేది, కాగితం మాత్రం ఇచ్చేది కాదు. కంప్యూటర్‌లో చూస్తే ‘ఆగి ఉంది’ అని కనబడేది. ఆగినదాన్ని ఎట్లా కదిలించాలో నాకు తెలియదు. అందుకని అదే ప్రింటర్‌ను కొత్తదాన్ని చేర్చినట్టు మళ్లీ చేర్చేదాన్ని. చేరిస్తే ఆ పూటకు నడిచేది. మళ్లీ కరెంటు పోయేది, మళ్లీ చేర్చేదాన్ని. చివరికి నా కంప్యూటర్ లెక్కలో నా దగ్గర మడిగె పట్టనన్ని ప్రింటర్లున్నాయి. అన్నిటిదీ ఒకే పేరు, చివర అంకె ఒక్కటే తేడా. ఏది బతికుందో ఏది చచ్చిందో తెలియక, ఒక్క కాగితం కోసం అన్నిటికీ పంపేదాన్ని. ఇక అప్‌డేట్ ఇచ్చిన మర్నాడైతే, ప్రింటర్‌ను కంప్యూటర్‌తో కలపడానికి మెకానిక్ వేసిపోయిన డ్రైవరే పని చేసేది కాదు.

అలాంటప్పుడు కూర్చున్నవాళ్లు లేచి, చెప్పులు తొడుక్కుని, పక్క మడిగెకు పోయేవాళ్లు. కాసేపటికి గోడవతల నుంచి చప్పుడు మొదలయ్యేది. కర్రుమని తిరిగి కాగితం పడేది. మళ్లీ కర్రుమనేది, మళ్లీ పడేది. దాచుకోవడం దేనికి, నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఆమె కొత్త చీర కట్టినప్పుడు నాకు కుళ్లు పుట్టలేదు. అత్త ఆమెకే పెరుగు ఎక్కువ వేసినా పట్టించుకోలేదు. ఆ చప్పుడు వింటే మాత్రం ఒళ్లంతా మండేది. కరెంటు పోవాలని దేవుడికి మొక్కుకునేదాన్ని. పోతే ఇద్దరికీ పోయేది. వచ్చాక ఆమెది నడిచేది, నాది ఆగేది.

ఇట్లా ఉండగా ఒక పొద్దున మా మామ ఇద్దరినీ పిలిచాడు.

"ఒక్క గోడకు రెండు గవ్వే దుకాణాలెందుకు బిడ్డా? మందుల దుకాణమాయన మడిగె కిరాయికి అడుగుతాండు. గీ డిగ్రీ దరఖాస్తులు అయిపోంగనే ఒకటి ఖాళీ చేద్దాం. ఎవరిది మంచిగ నడిస్తె వాళ్లది ఉంటది. రెండో ఆమె అండ్లనే కూసుంటది."

అంటే ఆమె కుర్చీలో కూర్చుని ప్రింట్లు తీస్తుంటే, నేను పక్కన స్టూలు మీద కూర్చుని పిన్నులు కొట్టాలి. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల కింద. నాకు అన్నం సహించలేదు. నా బోర్డు, నా కుర్చీ, మేడం అన్న పిలుపు, అన్నీ ఆ మాయదారి ప్రింటర్ చేతిలో ఉన్నాయి.

డిగ్రీ దరఖాస్తులకు ఆఖరు రోజు రెండు మడిగెలూ నిండిపోయాయి. మామ బయట కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ఎప్పటిలాగే నాది ఆగింది. మళ్లీ చేర్చాను, రాలేదు. ఇంకోసారి చేర్చాను, రాలేదు. నార్కట్‌పల్లి నుంచి బిడ్డను తీసుకొచ్చిన ఒకామె, "అయితదా మేడం, పక్కకు పోవాల్నా?" అని అడిగింది. అవుతుంది, కూర్చోమని చెప్పి ఇంకోసారి చేర్చాను.

అప్పుడు వచ్చింది యారాలు, తన దగ్గరున్నవాళ్లను ఆగమని చెప్పి. "జర జరుగక్కా" అని నా కుర్చీలో కూర్చుంది. లేవగొడదామనుకున్నాను గానీ, ఆ తల్లి మొహం చూసి ఊరుకున్నాను. నేను చేర్చిన ప్రింటర్లన్నీ తెర మీదికి వచ్చాయి. ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుండేది, నాలుగు తిట్టేదాన్ని. ఒక్కొక్కదాన్నే తీసేసింది. మెకానిక్ వేసిన డ్రైవర్‌నూ తీసేసింది.

"డ్రైవర్ లేకుంటె ఎట్ల నడుస్తదే?" అన్నాను.

"గీ ప్రింటర్‌కు అక్కర్లేదక్కా. సిస్టం దీనితోని సీదా మాట్లాడ్తది. నడుమ గా డ్రైవరే అడ్డం పడ్తాంది."

ఒక్క ప్రింటర్‌ను చేర్చింది. ఆ తర్వాత ఇంకేదో తెరిచి మార్చింది. "ఏదన్న అడ్డమొస్తె ఆగి కూసోమని ఉన్నది గీ సెట్టింగ్‌ల. ఆగకు, మళ్ల ప్రయత్నం చెయ్యి అని పెట్టిన. ఇగ కరెంటు పోయినా ఫికర్ లేదు."

కాగితం వచ్చింది. దాని వెనకే ఇంకొకటి. నార్కట్‌పల్లి ఆమె రెండు చేతులతో దాన్ని అందుకుని, నాకు కాదు, యారాలికి దండం పెట్టింది. ఆ ఆదివారం యారాలు మళ్లీ వచ్చి, నా కొత్త సిస్టం తీసేసి తన దగ్గరున్న స్టేబుల్‌నే వేసింది. భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు మాత్రం ఇవ్వమని, నడిచేదాన్ని ఊరికే కదపొద్దని చెప్పింది. నేను తల ఊపాను.

"ఇగ తేలిపాయె గదా" అన్నాడు మామ ఆ సాయంత్రం, ఆమె దిక్కు చూస్తూ. నేను సామాను సర్దుకోవడానికి మనసు గట్టి చేసుకున్నాను.

"అక్క దుకాణమే ఉండనియ్యి మామా" అంది ఆమె. "బస్టాండుకు దగ్గెర, జాగ గూడ పెద్దది. నాది కిరాయికియ్యి. నేను అక్క కాడ కూసుంట."

అట్లా నా దుకాణం నాకు మిగిలింది. గెలిచి తీసుకుని ఉంటే ఊరంతా చెప్పుకునేదాన్ని. ఆమె ఇస్తే తీసుకున్నాను. పక్కన మందుల దుకాణం వచ్చింది, ఆమె నల్ల పెట్టె వచ్చి నా బల్ల మీద కూర్చుంది. జనం గడప ఎక్కుతూనే "చిన్న మేడం లేదా?" అని అడగడం మొదలుపెట్టారు. పెద్ద మేడం ఎదురుగా కూర్చునే ఉంది, కనబడదు.

ఆమె అన్నానికి పోయినప్పుడల్లా నేను నేర్చుకున్నాను. ప్రింటర్‌ను కావాలని ఆపి, మళ్లీ కదిలించేదాన్ని. తీసేసి, మళ్లీ చేర్చేదాన్ని. ఎక్కడ చూస్తే ఏ తప్పు తెలుస్తుందో అంతా పట్టుకున్నాను. ఆమెకు నెలలు నిండి కొత్తకోటకు, తల్లిగారింటికి పురుడుకు పోయిన రోజు నాకు పండుగే. ఇక ప్రింటర్ ఆగుతుంది, జనం చూస్తారు, నేను బాగుచేస్తాను.

అది ఆగలేదు. గాలిదుమారానికి కరెంటు పోయింది, వచ్చింది, ఎక్కడ ఆపిందో అక్కణ్నుంచే ప్రింట్ అందుకుంది. ఎండాకాలం పోయింది, వానలు పడ్డాయి, దరఖాస్తులు మళ్లీ వచ్చాయి. "ఒక్కసారి ఆగవే" అని దాని నెత్తి మీద చెయ్యి పెట్టి అడిగాను కూడా. వినలేదు. చేతిలో ఇంత విద్య పెట్టుకుని, వచ్చిన కాగితాలకు పిన్నులు కొడుతూ కూర్చున్నాను.

బాబును ఎత్తుకుని ఆమె తిరిగొచ్చింది. గడపలోనే అడిగింది, "ఏమన్న సతాయించిందా అక్కా?"

"సతాయించకేం. రోజూ ఆగుడే. నేనే సక్కగ చేసుకున్న" అన్నాను.

"నాకెర్కనే అక్కా. నువ్వున్నవని నేను ఆడ ధీమగ పండుకున్న. నీకున్న ఓపిక నాకేడిది" అంది. అని బాబును నా ఒళ్లో పెట్టి, తను స్టూలు గుంజుకుని కూర్చుంది.

ఆమెను నేను ఇప్పటిదాకా ఒక్క మంచి మాట అనలేదు. రాత్రీ పగలూ కష్టపడి ప్రింటర్ పని నేర్చుకున్నాను గానీ, మనిషిని ఇంత సులువుగా మెచ్చుకోవడం నాకు రాదు. అది కూడా ఆమెకే వచ్చు. ఒళ్లో పసివాణ్ని జోకొడుతూ కూర్చున్నాను గానీ, నా కడుపు ఆ రోజు మండినంత ఎప్పుడూ మండలేదు.