రాయి పెట్టని జీపు

మొన్న నంద్యాలలో మా అల్లుడు కొత్త బండి కొన్నాడు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే పెద్ద బండి. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు గానీ, అలవాటు కొద్దీ నా చెయ్యి హ్యాండ్ బ్రేకు కోసం తడుముకుంటుంటే నవ్వి, ఒక చిన్న మీట చూపించి, దీన్ని వేలితో లాగితే చాలు, మిగతాది బండే చూసుకుంటుందన్నాడు. చూసుకుంటే మంచిదే. నేను మాత్రం దిగి, పక్కింటివాళ్ళ గోడ దగ్గర ఉన్న రాయి తెచ్చి వెనక చక్రం కింద పెట్టిగానీ ఇంట్లోకి రాలేదు. అల్లుడికి తల కొట్టేసినట్టయింది.

ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో అప్పట్లో జీపంటే ఏమిటో నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. నేను మా ఊరి పెద్దాయన దగ్గర జీపు తోలేవాణ్ణి. ఆయనకు కుడిభుజంగా తిరిగే మా మేనమామే నన్నూ, నా తమ్ముణ్ణీ ఆ కొలువులో పెట్టాడు. సీటు కింద ఊక పోసిన బుట్టలో నాటుబాంబులు, కాళ్ళ దగ్గర వేటకొడవళ్ళు పెట్టుకుని తిరిగేవాళ్ళం. ఒకసారి బాంబు పడి నా పక్కవాడి చెయ్యి తెగి నా ఒళ్ళో పడితే, ఆ రక్తం చొక్కాను ఉతకడానికి చేతులు రాక మా అమ్మ పొయ్యిలో పెట్టేసింది.

అలాంటి బండ్లకు ఒక కట్టుబాటు ఉండేది: ఆపినప్పుడు గేరులో ఉంచకూడదు, చక్రం కింద రాయి పెట్టకూడదు. పారిపోవాల్సి వస్తే రాయి తీసేదెవరు? కాబట్టి భారమంతా హ్యాండ్ బ్రేకు మీదే. మా పాత జీపుల్లో అది చక్రాల దగ్గర ఉండేది కాదు, గేరుబాక్సు వెనక నుంచి వెనక ఇరుసుకు పోయే షాఫ్టును పట్టుకునేది. చక్రాలన్నీ నేల మీద ఉన్నంతసేపూ బండి కదలదు. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేపితే మాత్రం అది వెనక్కి, రెండోది ముందుకు తిరుగుతాయి, షాఫ్టు కదలకుండానే బండి జారిపోతుంది. ఫోర్‌వీల్ లివరు వేస్తే ముందు చక్రాలు కూడా ఆ బ్రేకుకే కట్టుబడతాయి, అప్పుడు భయం లేదు. ఈ సంగతి నేనూ, మా ఎదుటి పార్టీ జీపు డ్రైవరూ నంద్యాల షెడ్డులో టీ తాగుతూ ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఆ షెడ్డులో ఏ పార్టీవాడూ చెయ్యెత్తకూడదన్నది అందరూ మన్నించిన మాట.

ఒక రోజు నంద్యాల కోర్టులో వాయిదా ఉండి, పెద్దాయన ముందు బండిలో పోయాడు. వెనక బండిలో మామ, తమ్ముడు, నేను. దారిలో ఒక వాగు వంకలోకి దిగే ఏటవాలులో వెనక చక్రం పంచరైంది. హ్యాండ్ బ్రేకు లాగి, ఫోర్‌వీల్ వేసి, నేను స్టెప్నీ విప్పుతున్నాను. తమ్ముడు ఇరుసు కింద పడుకుని జాకీతో చక్రాన్ని పైకి లేపాడు. అంతలో వంక అవతల దుమ్ము లేచింది.

"వచ్చినార్రా, ఎక్కండి బిరీన" అని మామ స్టీరింగు ముందుకు దూకాడు. ఫోర్‌వీల్‌లో వేగం రాదని అన్నిటికన్నా ముందు ఆ లివరునే తీసేశాడు. చక్రం గాల్లో ఉందన్నది ఆయనకు తట్టలేదు. జీపు జాకీ మీది నుంచి జారి ఇరుసుతో తమ్ముడి రొమ్మును నలిపి, వాణ్ణి ఈడ్చుకుంటూ వంకలోకి పోయింది. ఎముకలు విరిగిన చప్పుడు విన్నాను. పరుగెత్తి బయటికి లాగితే, నోట్లోంచి నెత్తురు కారుతూ, "బండి తీయ్‌న్నా, బరువైతాండాది" అన్నాడు. బండి అప్పటికే వాడి మీద లేదు.

అవతలి దుమ్ములోంచి వచ్చింది గొర్రెల మంద. వాణ్ణి ఎత్తడానికి ఆ గొర్రెలాయనే నాకు సాయం పట్టాడు. ఆళ్లగడ్డ చేరేలోపే తమ్ముడు పోయాడు.

ఎదుటివాళ్ళు మీద పడి చంపారని మామ ఊళ్ళో చెప్పాడు. ఎవరూ రాలేదు, జీపే చంపింది, లివరు తీసింది నువ్వేనని నేను నలుగురిలో అరిచాను. మామ చెంప పగలగొట్టాడు. "చక్రం కింద పడి సచ్చినాడని చెప్పుకుంటావా? మనింటి సావుకు ఆమాత్రం ఇలువ ల్యాదా?" అన్నాడు. గొర్రెలాయన్ను పిలిపించి అడగమని మొత్తుకుంటే, నన్ను కొట్టంలోకి నెట్టి గొళ్ళెం పెట్టారు. ఆయన అప్పటికే భయపడి మందతో ఎటో పోయాడు. గొళ్ళెం తీసేసరికి చాగలమర్రిలో, పట్టపగలు, టీ బంకు ముందు, ఎదుటి పార్టీ డ్రైవరును మావాళ్ళు నరికేశారు. నాతో షెడ్డులో టీ తాగినవాణ్ణే. చేతులడ్డం పెట్టుకున్నాడట, ముందు వేళ్ళు తెగాయట.

ఆ రోజే కొలువు మానేశాను. చాలా ఏళ్ళకు ఆళ్లగడ్డ బస్టాండులో అతని భార్య కనిపిస్తే, దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. "నాకెరికేనప్పా. ఆ పొద్దు మా ఆయప్ప ఇల్లు కదల్లా, మిద్దెకు మన్నేస్తాండె" అంది. అంతలో బస్సొస్తే ఎక్కిపోయింది.

ఇప్పుడు ఆ కొడవళ్ళు లేవు, బాంబుల బుట్టలూ లేవు. రెండూళ్ళ పిల్లలూ ఒకే బస్సులో నంద్యాల కాలేజీలకు పోతున్నారు, మా మామ మంచం మీదే, ముసలితనంతో కన్నుమూశాడు. ఆ రోజులు పోయినందుకు నాకు ఇసుమంత దిగులు లేదు. అది గొర్రెల దుమ్మని ఇప్పుడు ఎవరికి చెప్పినా సరేనని తలూపి ఫోను చూసుకుంటారు, ఎవరూ కాదనరు. ఆనాడు ఒక్కడు నమ్మి ఉంటే ఒక మనిషి బతికేవాడు.