ఆరు నిమిషాల జెర్సీ

అమీర్‌పేటలో నన్ను "ఇంటర్నేషనల్ ప్లేయర్" అని పరిచయం చేసేవాడు ఒక్కడే ఉన్నాడు. కోచింగ్ సెంటర్ల సందులో వాడిదో జిరాక్స్ షాపు. మెషీన్ పైన గోడకి నా ఫొటో, ఇండియా జెర్సీలో. అది చూసినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుంటుంది. అందుకే నెలల తరబడి ఆ సందులోకి వెళ్లను.

మా అమ్మ భాషలో రగ్బీ అంటే కోడిగుడ్డు బంతి ఆట. అందులో ఇవతల ఎనిమిదిమంది, అవతల ఎనిమిదిమంది వంగి, భుజాలు ఆనించి నెట్టుకోవడాన్ని స్క్రమ్ అంటారు. ముందు వరుసలో మధ్యన ఉండేవాణ్ని నేను. నా తర్వాత ఆ చోటుకి వరసలో ఉన్నది ఈ జిరాక్స్ షాపువాడే. ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో పెరిగాడు, నాకంటే రెండేళ్లు చిన్న. రోజూ పొద్దున్నే పంజాగుట్టలో వాణ్ని బండెక్కించుకుని గ్రౌండ్‌కి వెళ్లేవాణ్ని. ఇద్దరిలో ఇండియాకి ఆడేది ఒక్కరే అని ఇద్దరికీ తెలుసు.

ఇండియా జట్టు జాబితాలో నా పేరొచ్చింది. బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు ప్రాక్టీసులో నా భుజం జారింది. అప్పటికి గ్రౌండ్‌లో మేమిద్దరమే మిగిలాం. వాడే ఎముక సర్ది, టేపు చుట్టాడు. మాలో అదో అలవాటు, పట్టీ ఎప్పుడూ పక్కవాడే కడతాడు.

"కోచ్‌కి చెప్పకురా," అన్నాను. ఎంత సిగ్గులేని నోరు నాది! చెబితే వెళ్లేది వాడే.

వాడు టేపుని పళ్లతో తెంపాడు. "ఫికర్ జెయ్యకన్నా. నువ్వు పో."

నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఆ ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

విదేశంలో మ్యాచ్. ఆరో నిమిషంలో మొదటి స్క్రమ్. భుజం ఊడింది, నన్ను బయటికి తీసుకెళ్లారు. మళ్లీ ఎప్పుడూ ఆడలేదు. తిరిగొచ్చేసరికి పంజాగుట్టలో ఫ్లెక్సీ కట్టించాడు, అందులో నా మొహం బారెడు. చెయ్యి ఎత్తలేని నాకు వాడే శాలువా కప్పి సర్దాడు. "అన్నకి మ్యాచ్‌ల తగిలింది దెబ్బ," అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

మొన్న ఇంటి కాగితాలు అర్జెంటుగా జిరాక్స్ తీయించాల్సి వచ్చింది. మిగతా షాపులు మూసుంటే వాడి దగ్గరికే వెళ్లాను. నోట్స్ కోసం వచ్చిన ఒకమ్మాయి గోడ మీద ఫొటో చూసి, "మీరు కూడా ఆడారా అన్నా?" అని వాణ్ని అడిగింది.

"నేనేడ ఆడిన? గీ అన్నకి పట్టీ కట్టేటోణ్ని," అని నవ్వాడు.

ఆ అమ్మాయి వెళ్లాక, ఇప్పటికైనా అనేయాలనుకున్నాను, నీ చోటు నేను తిన్నాను, క్షమించరా అని. నోరు తెరిచేలోపు వాడే అడిగాడు, ఇన్నేళ్లలో మొదటిసారి.

"అన్నా, ఒక్కటి అడుగుతా. గా జెర్సీ ఏసుకొని మన జాతీయగీతం పాడుతుంటే ఎట్లుంటది?"

ఆ రోజు అందరం ఒకరి భుజాల మీద ఒకరం చేతులేసుకుని నిలబడ్డాం. పక్కవాడి చెయ్యి బరువంతా నా భుజం మీదే. గీతం ఎప్పుడైపోతుందా అని చూశాను. అంతకుమించి నాకేమీ గుర్తులేదు.

"రోమాలు నిక్కబొడుచుకుంటాయిరా," అన్నాను.

వాడు మెషీన్ ఆపి, తన ముంజెయ్యి నా ముందుకు చాపాడు. "సూడన్నా, నువ్వు చెప్తుంటెనే నాకు సుత లేసినయ్."