మీసం మీద పత్తి పింజ

ఆ రోజు భూపాలపల్లి దిక్కున ఒక పెద్ద చెరువులో తూము తలుపు బాగుచేసి పైకి వస్తున్నాను. పచ్చని నీళ్లు, పైనుంచి జారే ఎండ, ఎక్కడా చప్పుడు లేదు. ఒంటి బరువే తెలియడం లేదు. కలలో మెట్లెక్కుతున్నంత హాయిగా ఉంది. గట్టు మీద కూర్చున్నాక ఛాతీలో కుడివైపు పోటు మొదలైంది. గొంతు మారిపోయింది. మెడ మీద వేలు నొక్కితే తోలు కింద పేలాలు నలిగినట్టు చప్పుడు.

వీపుకు సిలిండరు కట్టుకుని మునగడం నాకు నేర్పిన మేస్త్రి కోస్తా మనిషి. నా మొహం చూసి, "పైకొచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టావా?" అన్నాడు.

"బిగబట్టిన," అన్నాను.

ఎందుకో చెప్పాలంటే వెనక్కి పోవాలి. మాది కేసముద్రం. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతబడితే, పనిలేక తిరుగుతున్న నన్ను నాయిన కర్రసాము నేర్పే తాలీంలో పడేశాడు. మా ఉస్తాద్ మల్లయ్య మార్కెట్‌లో రాలిన పత్తి పింజ తెచ్చి, అప్పుడప్పుడే వస్తున్న నా మీసం మీద అంటించేవాడు. కర్ర ఎత్తి నిలబడ్డంతసేపూ అది కదలకూడదు. "నీ ఊపిరి కనవడ్డదంటే, నీ దెబ్బ ఎప్పుడొస్తదో ఎదుటోనికి ఎరుకైతది," అనేవాడు.

నేర్చిన విద్య ఊరికే పోదంటారు. తర్వాత మేస్త్రి దగ్గర మునిగే పనిలో చేరాక, నీళ్లలోనూ పోలేదు. నిదానంగా గాలి తీసుకోవడం, బెదరకపోవడం అక్కడ బాగా పనికొచ్చాయి. కానీ నీళ్లలో వదిలిన ప్రతి ఊపిరీ బుడగలై పైకి పోయి గట్టు మీద అందరికీ కనబడుతుంది. అది నాకు నామోషీ. "ఆపకు, వదులుతూ రా," అని మేస్త్రి ఎన్నిసార్లు చెప్పినా, ఆదమరిస్తే బిగబట్టేవాణ్ణి.

వరంగల్ దవాఖానలో డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. "న్యూమోథొరాక్స్. లోతుల పీల్చిన గాలి పైకొచ్చేకొద్ది ఉబ్బుతది. నువ్వు ఇడువలేదు, లంగ్ చినిగి గాలి ఛాతీల చేరింది." పక్కటెముకల మధ్య చెస్ట్ ట్యూబ్ పెట్టి, దాని కొసను మంచం కింద నీళ్ల సీసాలో ముంచారు. గాలి బయటికి వచ్చినప్పుడల్లా సీసాలో బుడగలు. "ఇవి ఆగితే లంగ్ అతికినట్టు. ఆగకపోతే హైదరాబాద్ పోయి ఆపరేషన్ చేయించుకోవాలె," అన్నాడు.

మందుల మత్తులో ఆ సీసాయే నాకు చెరువైంది. దాని అడుగున పడుకుని పైకి పోయే బుడగలను చూస్తున్నట్టుండేది. అవి తగ్గేవి. పక్కకు ఒరిగితే నొప్పి, నొప్పికి దమ్ము బిగబట్టేవాణ్ణి, మళ్లీ గలగలా మొదలయ్యేవి. అలవాటు నా మాట వినడం లేదు. ఛాతీ కోస్తారంటే భయమేసి ఏడ్చాను.

కబురు తెలిసి ఉస్తాద్ రైలెక్కి వచ్చాడు. డాక్టరు చెప్పింది విని నా మంచం పక్కన కూర్చున్నాడు. తర్వాత అంగీ జేబులోంచి పత్తి పింజ తీసి నా మీసం మీద అంటించాడు.

"ఇగ కదిలియ్యి."

"గిదేంది ఉస్తాద్?"

"నేనే నేర్పిన, నేనే మరిపిస్త. ఇది ఊగుతనే ఉండాలె బిడ్డా. ఆగిందంటే కట్టె తీస్త."

లేచినా, ఒరిగినా, దగ్గినా పింజ ఊగాలి. రాలిపోతే ఓపిగ్గా మళ్లీ అంటించేవాడు. ఒక పొద్దున కళ్లు తెరిచేసరికి సీసాలో ఒక్క బుడగా లేదు. ఉస్తాద్ దాని ముందు నేల మీద కూర్చుని, తన ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాడు.

"ఇడువు ఉస్తాద్," అన్నాను. ఆయన నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు.

లంగ్ పూర్తిగా విచ్చుకుందని ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పాడు, ఇక మునగొద్దని కూడా చెప్పాడు. బాధగానే ఉంది. ఆ పచ్చని నీళ్లు ఇప్పటికీ కలలోకి వస్తాయి. ఇప్పుడు గట్టు మీద తాడు పట్టుకుని, మునిగినవాడి బుడగలు చూడటం నా పని.

తాలీం నుంచి ఈ పనికి వచ్చేవాళ్లకు ఒక్కటే చెబుతాను. నిదానాన్ని వెంట తెచ్చుకోండి, దమ్ము బిగబట్టడాన్ని గట్టు మీదే వదిలేయండి. పైకి వచ్చేటప్పుడు మెల్లగా, ఊపిరి పోవడం ఆగకుండా సన్నగా కూనిరాగం తీస్తూ రండి. బుడగలు కనబడితే సిగ్గేం లేదు. అవి కనబడినంతసేపే గట్టు మీద మా ప్రాణం కుదుటగా ఉంటుంది.