ఆదరణ కూడికల మోగిన నా గొంతు

మొన్న ఎడపల్లిల నా పరువు మొత్తం పోయింది. చెప్త గని, జర నవ్వకుండ్రి.

నేను నిజామాబాద్‌ల ఇంట్లనే కూసోని కంపెనీ పని చేస్త గదా. ఇప్పుడు మా టీమ్ ఒక టెర్మినల్ తయారు చేస్తున్నది. గదే, కమాండ్లు టైప్ చేసే నల్ల విండో. దాంట్లకెళ్ళి నడిచే ప్రోగ్రాములను చైల్డ్ ప్రాసెస్‌లంటరు. విండో మూస్తే వాటికి ఆగిపొమ్మని సిగ్నల్ పోవాలె. గా సిగ్నల్ పంపుడే నా పని.

పోతుందో లేదో తెల్సుకోనీకి చిన్న ప్రోగ్రామ్ రాసిన. అది జరసేపటికోసారి నా గొంతుతోని 'నేనింకా బతికే ఉన్న' అంటది. విండో మూసిన. సప్పుడు లేదు. ఆగిందని సంబురపడ్డ. హెడ్‌ఫోన్స్ చెవులకెళ్ళి తీసి టేబుల్ మీద పెట్టిన సంగతే యాదికి రాలే. అది గా హెడ్‌ఫోన్స్‌లనే మాట్లాడుతుండె.

గదే ల్యాప్‌టాప్ పట్టుకోని ఎడపల్లికి పోయిన. మా పెద్దమ్మ పక్కింటి శాంతమ్మ అవ్వ చనిపోతె ఆదరణ కూడిక పెట్టిండ్రు. అవ్వ ఫొటోలు స్క్రీన్ మీద చూపియ్యమని ఆమె కొడుకు సామ్యేలన్న అడిగిండు. ల్యాప్‌టాప్ తెరిచి స్పీకర్ వైరు పెట్టిన. ల్యాప్‌టాప్ మూస్తే నిద్రపోయిన ప్రోగ్రామ్ గూడ దాంతోనే లేస్తదని నాకు తట్టలే.

పాస్టర్ గారు ప్రార్థన మొదలువెట్టిండు. అందరు కండ్లు మూసుకున్నరు. స్క్రీన్ మీద అవ్వ నవ్వుతున్నది. స్పీకర్లకెళ్ళి వినొచ్చింది, 'నేనింకా బతికే ఉన్న.'

ఎన్కకెళ్ళి ఎవరో "యేసయ్యా" అన్నరు. అవ్వ బిడ్డ రూతక్క లేసి నిలవడ్డది. నాకేమో మూద్దామంటె విండోనే లేదు, ఎప్పుడో మూసేసిన గదా. స్పీకర్ వైరు గుంజిన. ఈసారి ల్యాప్‌టాపే గదే మాట అన్నది. భయానికి పవర్ బటన్ ఒత్తి పట్టిన. అవ్వ ఫొటో గూడ పోయింది. పాస్టర్ గారు జర ఆగి, ఆమేన్ అన్నడు.

కూడిక అయినంక సామ్యేలన్న దగ్గరికి పోయి మాఫ్ చెయ్యమని అడిగిన. ఆయన కోపం చెయ్యలే. తనకు కాదు, అక్కకు చెప్పుమన్నడు. అమ్మనే మాట్లాడిందని లోపల ఏడుస్తున్నదట.

పోయి రూతక్క పక్కన కూసున్న. ఆ గొంతు నాదేనని, అసోంటి ప్రోగ్రాములను ఆపుడే నా పనని, ఇది ఆగిందనుకున్న గని ఆగలేదని మెల్లగ చెప్పిన. అక్క అంత ఇని కొంగుతోని కండ్లు తుడ్సుకున్నది.

"వాటిని ఆపుడే నీ నౌకరీనా?"

"ఔ అక్క."

కొంగు సదురుకోని నా దిక్కు తిరిగింది.

"జీతం గూడ ఇస్తున్నరా బిడ్డా?"