మా ఆడపడుచు మృగాన్ని పెంచుకుంటానంది

ఒక్క రాకుమారి పుస్తకంతో ఇంటిల్లిపాదినీ గడగడలాడించడం ఎలాగో తెలుసుకోవాలంటే ఇలా దగ్గరికి రండి. చిన్నది ఇప్పుడే నిద్రపోయింది, మళ్ళీ లేచేలోగా చెప్పేస్తాను. ముందే ఒప్పుకుంటున్నాను, ఇందులో పుస్తకం తప్పు ఇసుమంతైనా లేదు.

అప్పటికి నేను విజయనగరంలో బి.ఏ. ముగించి, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కి కోడలిగా వచ్చి, మా పెద్దదానికి తల్లినయ్యాను. భయపడటంలో మాత్రం నా చదువు బి.ఏ.తో ఆగలేదు. పాప తుమ్మితే న్యుమోనియా అనుకునేదాన్ని. తుమ్మకపోతే ఊపిరి ఆడుతోందో లేదో చూడటానికి ముక్కు దగ్గర అద్దం పెట్టేదాన్ని.

మా అత్తగారి దిగులు వేరు. ఆవిడ కూతురు రాజీకి పద్నాలుగేళ్ళు. పుట్టింది ఇక్కడే, చదివేది హిందీ బడిలో. తెలుగు గలగలా మాట్లాడుతుంది. చదవమంటే మాత్రం బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతుంది.

"ఒలమ్మీ, నువ్వు కాలేజీలో చదివినావు కదా. దీనికి కాస్త తెలుగు చదవడం నేర్పు. రేపు శ్రీకాకుళం సంబంధం కుదిరి, అత్తోరు ఉత్తరం రాస్తే, నన్ను చదివి పెట్టమంటాది. నాకేటి వచ్చు?" అంది అత్తగారు.

గోల్ బజార్ అంతా గాలించినా తెలుగు వాచకం దొరకలేదు. నా పెట్టె అడుగున పుట్టింటి నుంచి తెచ్చిన నవల ఒకటుంది. అట్ట మీద చేతినిండా పువ్వులతో రాకుమారి, వెనక గులాబీరంగు మబ్బులు. ఇంకేం, పిల్లల కథే అనుకున్నాను. లోపల చూశానా? లేదు. అట్ట చూసి పుస్తకం చేతికిచ్చే పట్టభద్రులు కూడా ఉంటారు మరి. ఇచ్చి ఊరుకోలేదు, ఉచిత సలహా కూడా జోడించాను.

"తెలియని మాట వస్తే ఆగకు రాజీ, దాటేసి ముందుకెళ్ళు. కథ అదే తెలుస్తుంది."

"అచ్ఛా వొదినా," అంది ఆ పిల్ల. ఇంత బుద్ధిగా నా మాట విన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

రాజీ రోజూ బడి నుంచి వచ్చి పెరటి మెట్టు మీద కూర్చుని చదివేది. కొన్నాళ్ళకు కళ్ళు ఎర్రబడ్డాయి. అన్నం కెలికి వదిలేస్తోంది. ఒకరోజు పాపకు పాలిస్తూ, ఏముందిందులో అని ఆ పుస్తకం తెరిచాను. నా గుండె జారి ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు.

అందులో రాకుమారుడికి శాపం. పొద్దుగూకితే మృగమైపోతాడు. రాజు అతనికి కఠినశిక్ష వేసి, చెరసాలలో గొలుసులతో కట్టించి, కొరడాతో కొట్టిస్తాడు. ప్రియురాలిని ఎక్కడ చీల్చేస్తానోనని అతను తన చేతులు తనే కొరుక్కుంటాడు. చివరకు రాకుమారి దిక్కు తోచక నదిలో దిగి కనుమరుగవుతుంది. మధ్యలో ఒక ముద్దు కూడా ఉంది. ఆ ముద్దు ఒక్కటే ఉంటే ఆ రోజు సత్యనారాయణ వ్రతం చేయించేదాన్ని.

మా ఆయన గూడ్సు బండి గార్డు. డ్యూటీ దిగి రాగానే పట్టుకుని ఆ మృగం కథంతా చెప్పాను.

"ఏమండీ, పిల్ల మనసు విరిగిపోయిందండీ."

"కథే కదా."

"కథే అయితే కళ్ళెందుకు ఎర్రబడ్డాయి?"

"నావీ ఎర్రగానే ఉన్నాయి, నిద్ర లేక. ముందు అన్నం పెట్టు."

ఇక లాభం లేదని నేనే రంగంలోకి దిగాను. పాప లంగోటీలకు పెట్టే పిన్నులన్నీ తీసి కొరడా పేజీలకు, నది పేజీలకు గుచ్చేశాను. సాయంత్రానికల్లా పేజీలు విడిపోయి ఉన్నాయి.

"పిన్నులు ఎవరు తీశారు?" అన్నాను, ఎంత మామూలుగా అందామనుకున్నా గొంతు కీచుమంది.

"నేనే వొదినా. పాప లంగోటీ ఊడిపోతోంది, పిన్ను ఒక్కటీ దొరకనేదు. చూస్తే అన్నీ పుస్తకంలో ఉన్నాయి. ఎవరు పెట్టినారో, పాగల్!"

ఆ పిచ్చిది పిన్నులన్నీ ఏరి డబ్బాలో వేసింది. తర్వాత ధైర్యం తెచ్చుకుని అడిగాను.

"మరి... కథ ఎలా ఉంది?"

"మృగం ఎంత బాగుంది వొదినా! పెద్ద పెద్ద కళ్ళు! నాకూ అలాంటిది ఒకటుంటే బాగున్ను. మెడ చుట్టూ చేతులేసుకుని పడుకుంటాను."

"రాజీ!"

"అన్నయ్యని అడుగుతాను, తెస్తాడేమో."

"మీ అన్నయ్యనా?"

"లైనులో తిరుగుతాడు కదా, అడవుల్లోంచి. ఇంకోటి వొదినా, ఆదివారం నేనూ అర్పా నదికి ఎల్తాను. రాకుమారిలాగ."

ఇక్కడ నవ్వకండి. ఆ నిమిషాన నాకు నిజంగా ఏడుపొచ్చింది. నమ్మి నా చేతిలో పెట్టిన పిల్ల. ఆ పిల్లకు ఏమైనా అయితే అత్తగారికి మొహం ఎలా చూపించాలి? అసలు నా మొహం నేనెలా చూసుకోవాలి?

బాగా ఆలోచించి, చదువుకున్న ఆడదానిలా ప్రవర్తించాలని నిశ్చయించుకున్నాను. అంటే ఉపన్యాసం ఇవ్వాలని. రాజీని మంచం మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ పట్టుకుని మొదలుపెట్టాను. బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు కూడా ఆపి వినసాగింది.

"చూడు తల్లీ, ప్రేమ గొప్పదే. కానీ మృగం మృగమే. దానికి కత్తుల్లాంటి కోరలుంటాయి. గోళ్ళు దిగితే ఎముక కనిపిస్తుంది. పగలు చూస్తే మన ఇంట్లో మనిషిలాగే ఉంటుంది. పొద్దుగూకిందా, ఒంటినిండా బొచ్చు మొలిచి, నోట్లోంచి నెత్తురు కారుతూ..."

అరగంట మాట్లాడాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. నేను ముగించేసరికి రాజీ మొహం సున్నం కొట్టినట్టుంది.

"మృగమంటే... హిరన్ కాదా వొదినా?"

"ఏమిటి?"

"మా హిందీ బుక్కులో మృగ్ అంటే హిరనే. జింక! ఈ రాకుమారుడు రాత్రయితే జింక అయిపోతాడు కదా?"

నేను మంచం కోడు పట్టుకున్నాను. "మరి రాజు వేసిన శిక్ష?"

"శిక్షా అంటే చదువు. కఠిన శిక్ష అంటే మేథమెటిక్స్ అనుకున్నాను. చెరసాల అంటే హాస్టలు."

"నది?"

"స్నానానికి దిగింది కదా. కనుమరుగు అని ఏదో ఉంది, దాటేశాను. నువ్వే దాటేయమన్నావు."

"అయితే మరి ఆ ఏడుపు?"

"ఏడుపేటి! మీ తెలుగు ఒత్తులు చూసీ చూసీ కళ్ళమ్మట నీళ్ళు. అన్నమంటావా, బడి బయట చాట్ తినేస్తున్నాను. అమ్మతో చెప్పకేం!"

అమ్మ పక్కనే ఉంది. కానీ ఆవిడకు చాట్ సంగతి చెవికెక్కలేదు. ఆవిడ ఇంకా కోరల దగ్గరే ఉంది.

ఆ క్షణం నుంచి రాజీ ఒక్క మాటైనా దాటేయలేదు. కొరడా అంటే ఏటి, చీల్చడమంటే ఏటి, కనుమరుగంటే ఏటి అని అడిగి, పుస్తకం మొదటి నుంచి చివరిదాకా సరిగ్గా అర్థం చేసుకుంది. నది దగ్గరికొచ్చేసరికి నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. తెలుగు వచ్చేసింది. జింక వెళ్ళిపోయింది. పిల్లను ఊరడిస్తూ నేనూ ఏడ్చాను, నా ఏడుపు పుస్తకం గురించి కాదు.

ఉపన్యాసం ఇచ్చిన మర్నాడు పొద్దున్న మా ఆయన రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి తలుపు కొట్టారు. లోపల బల్ల అడ్డం పెట్టి ఉంది.

"ఎవురూ?" అంది అత్తగారు, చేతిలో అప్పడాల కర్రతో.

"నేనేనమ్మా, తలుపు తీ."

"నువ్వే అని గేరంటీ ఏటి? రాత్రంతా ఎక్కడున్నావు?"

"ఎక్కడుంటాను, బండిలో!"

"అమ్మా, చేతులు చూపించమను," అంది రాజీ. "గోళ్ళు చూడాలి!"

కిటికీ ఊచల్లోంచి రెండు చేతులు లోపలికొచ్చాయి. మసి కొట్టుకుని ఉన్నాయి.

"ఓలమ్మో, నల్లగున్నాయే!"

బి.ఏ. చదివిన ఇల్లాలు అప్పుడేం చేసింది? పరుగెత్తి తలుపు తీసిందా? పాపను చంకనేసుకుని అత్తగారి వెనక నక్కి, "గడ్డం కూడా చూడండత్తయ్యా," అంది.

మూడు రోజుల గడ్డం. అత్తగారు కర్ర పైకెత్తింది. పక్క క్వార్టర్లవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చేశారు. బయట నుంచి మా ఆయన గొంతు గుర్రుమంది.

"ఒసేయ్, అందరూ వినండి! రాకుమారుడికి ఆకలేస్తోంది. ఇంకో నిమిషంలో తలుపు తియ్యకపోతే నిజంగానే మృగాన్నైపోతాను!"

లోపల ముగ్గురం ఒక్కసారి కెవ్వుమన్నాం. పాప మాత్రం నాన్న గొంతు గుర్తుపట్టి కిలకిలా నవ్వింది. ఆ నవ్వు సాక్ష్యం మీదే తలుపు తెరుచుకుంది.

కనుక ఇంటి ఇలవేల్పు సాక్షిగా, అప్పడాల కర్ర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ పిల్ల చేతిలో ఏ కథ ఉన్నా, "నీకేం అర్థమైందమ్మా?" అని ముందు అడుగుతాను. ఆ పిల్ల జింక అంటే జింకే. పిల్లలు పెంచుకునే జింకలకు కోరలు మొలిపించే పని ఈ జన్మలో మళ్ళీ చెయ్యను.