తాండూరులో అమ్ముడుపోని యుగాంతం

నలభై రూపాయల బ్యాటరీతో తీరే పనికి ఏకంగా యుగాంతాన్ని అమ్మజూపిన సర్వీసు ఇంజినీరు మా కంపెనీలో నేనొక్కడినే. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ని. చిన్న సరుకు అడిగినవాడికి పెద్దది అంటగట్టడం మా ఇంటి విద్య.

2019లో, రిటైరవడానికి ఏడాది ముందు, వికారాబాద్ నుంచి నన్ను తాండూరు పప్పు మిల్లుల కంప్యూటర్లు చూడమని వేశారు. శంకరమ్మగారి మిల్లులో కరెంటు పోయినప్పుడల్లా తూకం చీటీ మీద తేదీ 2002 జనవరి ఒకటికి వెళ్లిపోతోంది. లోపలి గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ అయిపోయిందని చూడగానే తెలిసింది. కానీ కొత్త యంత్రాల టార్గెట్ నా మెడ మీదుంది.

"అక్కా, ఈ పాత మిషన్ 1970 నుంచి సెకన్లు లెక్కపెడతది. 2038 జనవరి 19న, పొద్దున మీరు షట్టర్ ఎత్తే యాళ్లకు, లెక్క నిండి మైనస్‌లకు దిగుతది. తేదీ 1901కి పోతది" అన్నాను. చెప్పింది నిజమే. ఇప్పటి జబ్బుకూ దానికీ సంబంధం లేదన్నది మాత్రం మింగేశాను.

సంఖ్యాశాస్త్రం నమ్మే ఆమె వేళ్ల మీద తేదీ కూడింది. "ఇరవై నాలుగు. రెండు, నాలుగు... ఆరు! ఆరు నా అంకె తమ్మీ. సెల్ నంబరు ఆరే, బండి నంబరు ఆరే. గా రోజు నాకేం గాదు."

"మిషన్‌కు అంకెలశాస్త్రం తెల్వదక్కా!"

"1901కి పోతే ఇంకా మంచిది. కందులు గప్పటి ధరకే కొంట."

ఆ రోజు బ్యాటరీ మార్చకుండానే వచ్చేశాను. వారం తర్వాత, కొత్త మిషన్ ధరలోని అంకెలు కూడితే ఆరు వచ్చేలా డిస్కౌంటు లెక్కగట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆమె మోడల్ నంబరు కూడి, ఎనిమిది వచ్చింది, అది శని అంకె అంది. తల గోడకు కొట్టుకోవాలనిపించింది. అప్పుడే బంట్వారం రైతు అంజయ్య చీటీ పట్టుకుని లోపలికొచ్చాడు.

"సారూ, గీ చీటీల ఉన్న ఏడాదికి నాకు పెండ్లే కాలె, కందులెట్ల అమ్మిన? తేదీ తప్పని మార్కెట్ ఆఫీసుల పైసలిస్తలేరు. రెండుసార్లు తిప్పిన్రు. విత్తనాలు ఎట్ల దెచ్చుకోవాలె?"

డబ్బా విప్పి బ్యాటరీ మార్చాను. సరైన తేదీతో కొత్త చీటీ తీసిచ్చాను. బిల్లు రెండు వందల యాభై అన్నాను.

"రెండు, అయిదు ఏడు. ఏడు నాకు పడది. పది తీసెయ్ తమ్మీ, ఆరైతది."

తీసేశాను.

నేర్చుకున్నది ఒకటే: ఎప్పుడో రాబోయే ప్రళయం సంగతి తర్వాత, ఈ రోజు చీటీ మీద ఈ రోజు తేదీ పడాలి. ఇక లెక్క. వచ్చింది రెండు వందల నలభై. అందులో బ్యాటరీకి నలభై, మిగతాది కంపెనీకి. తగ్గించిన పది నా జీతంలోంచి. పని కాని మొదటి ట్రిప్పు బస్సు చార్జీ, అంజయ్య వృథా తిరుగుడు చార్జీ నా జేబులోంచి. నాకు మిగిలింది మైనస్. ఆ అంకెకు ఫలం ఏ శాస్త్రంలోనూ రాయలేదు.